మిచెల్‌లో మిగిలిన పట్టాలు

మా ఊరి పేరే రైలు పెట్టిన పేరు. అమెరికాలోని సౌత్ డకోటాలో, 1880 ప్రాంతంలో మిల్వాకీ రోడ్ అనే రైలు కంపెనీ పట్టాలు ఇక్కడికి చేరాయి. ఆ కంపెనీ అధ్యక్షుడు అలెగ్జాండర్ మిచెల్ పేరే ఊరికీ పెట్టారు. గోడలను మొక్కజొన్న కంకులతో అలంకరించే ఇక్కడి కార్న్ ప్యాలెస్ ముందు ఫోటో దిగడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. చుట్టుపక్కల పండే పంట ఊరు దాటి ఎలా వెళ్తుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

1977 డిసెంబరులో మిల్వాకీ రోడ్ దివాలా తీసింది. 1980 నాటికి రాష్ట్రంలోని చాలా లైన్లను వదులుకోవడానికి సిద్ధపడింది. రైలు పోతే పంటకు లారీలే దిక్కు. ఒక వ్యాగన్‌లో సుమారు వంద టన్నుల గింజలు పడతాయి. అదే సరుకుకు మూడు నాలుగు లారీలు కావాలి. సముద్రతీర ఓడరేవులు వెయ్యి మైళ్ళకు పైబడిన దూరంలో ఉన్నాయి. లారీ కిరాయి పెరిగిందంటే ఆ మేరకు కోత చివరికి రైతు చేతికొచ్చే ధరలోనే పడుతుంది.

అప్పటి గవర్నర్ బిల్ జాంక్లో, చట్టసభ కలిసి అమ్మకపు పన్నును తాత్కాలికంగా పెంచి, ఆ డబ్బుతో ముఖ్యమైన లైన్లు కొన్నారు. రాష్ట్రం పట్టాలకు యజమాని అయిందేగానీ, రైళ్ళు నడిపే పని పెట్టుకోలేదు. 1981 నుంచి మా ఊరి మీదుగా అబర్డీన్, సూ సిటీల మధ్య బర్లింగ్టన్ నార్తర్న్ బండ్లు నడిచాయి. 2005లో ఆ ప్రధాన లైన్లను దాని వారసురాలైన బీఎన్‌ఎస్‌ఎఫ్‌కే రాష్ట్రం అమ్మేసింది.

మిస్సోరీ నది దాటి ర్యాపిడ్ సిటీకి వెళ్ళే పడమటి లైను కథ వేరు. అది ఇప్పటికీ రాష్ట్రానిదే. 1985 నుంచి డకోటా సదరన్ అనే చిన్న కంపెనీ పాతబడ్డ పట్టాల మీదే బండ్లు నడిపింది. ఆ దారిలోని కడోకా ఊరు దాటాక అవీ ఆగిపోయాయి. మిచెల్ నుంచి చాంబర్లేన్ దాకా లైను బాగుచేయడానికి ఫెడరల్ ప్రభుత్వం 1.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2021 నుంచి రింగ్‌నెక్ అండ్ వెస్టర్న్ కంపెనీ ఈ లైను నడుపుతోంది.

కడోకా ఆవల బండ్లు తిరగని లైనుకు పన్నుల డబ్బెందుకని ఇక్కడ అడుగుతారు. పీకేసిన పట్టాలు తిరిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను పుట్టింది రామచంద్రపురంలో. 1928లో వేసిన మా కాకినాడ-కోటిపల్లి లైను పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకని పీకేశారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి పట్టుబట్టాక, ఆయన పోయిన రెండేళ్ళకు, 2004లో గానీ రైలు మళ్ళీ రాలేదు. మధ్యలో 64 ఏళ్ళు గడిచిపోయాయి.

కంపెనీ చూసేది ఈ ఏటి లాభనష్టాలు. అందులో తప్పేం లేదు, అది దాని పని. ఎప్పుడో పడే అవసరానికి దారిని కాపాడి ఉంచడం ప్రభుత్వం పని. కడోకా ఆవల తుప్పు పట్టిన పట్టాల గురించి తేల్చేటప్పుడు నిరుడు ఎన్ని వ్యాగన్లు వెళ్ళాయని లెక్కవేస్తే చాలదు. వాటిని ఇప్పుడు పీకేస్తే, రేపు మళ్ళీ వేయడానికి ఎంతవుతుందో కూడా ఆ లెక్కలో చేర్చాలి.