జ్ఞా నుంచి గుంజాల దాకా: ఓపెన్ సోర్స్ చరిత్రలో మన లిపులు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ టెక్నాలజీ వార్తల్లోకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు ఎవరైనా ఒక ప్రత్యేక రూపంలో ‘జ్ఞా’ పంపితే, దాన్ని తెరపై చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ హోమ్ స్క్రీన్‌ను నడిపే భాగమే ఆగిపోయేది. మ్యాక్ కంప్యూటర్లకూ ఇదే ఇబ్బంది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది.

ఇందులో తెలుగు తప్పేమీ లేదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించకుండా అక్షరాలను విడదీసే ఒక గుర్తు, ఆపైన దీర్ఘం వస్తేనే సమస్య. మనం రోజూ రాసే ‘జ్ఞానం’లో ఆ గుర్తు ఉండదు. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీశ్ గోరేగావ్‌కర్ అనే ఇంజినీరు బయటి నుంచి పరీక్షించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కలయికలు ఉన్నాయని చూపించాడు. ఆ ప్రోగ్రాం సోర్స్ కోడ్ బయటివారికి అందుబాటులో లేదు కాబట్టి, లోపల ఏం జరుగుతోందో ఆయన కూడా ఊహించి చెప్పాల్సి వచ్చింది.

మిత్రులారా, ఈ వార్తను కరెంట్ అఫైర్స్‌లో ఒక వరుసగా రాసుకుని వదిలేయవచ్చు. కానీ దీని వెనుక ఒక పెద్ద చరిత్ర ప్రశ్న ఉంది. మన లిపికి యంత్రంలో దెబ్బ తగిలితే బాగుచేసే హక్కు ఎవరిది? జీఎస్ పేపర్-3కైనా, వ్యాస పత్రానికైనా ఈ కోణం పనికొస్తుంది.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చాయి. ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చిన రూపాన్ని కూడా పంచుకోవడం అనే నాలుగు స్వేచ్ఛలు దీనికి పునాది. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నెల్ మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందకు వచ్చింది. 1998లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను బయటపెట్టాలని నిర్ణయించిన సందర్భంలో ‘ఓపెన్ సోర్స్’ అనే మాట పుట్టింది.

ఇంగ్లిషులో ‘ఫ్రీ’ అంటే ఉచితమా, స్వేచ్ఛా అనే తికమక ఉంది. మనకు రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఉద్యమ సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. పరీక్షలో ఈ తేడా రాయడం మరిచిపోవద్దు. ఉచితంగా దొరికే ప్రతి యాప్ ఓపెన్ సోర్స్ కాదు. ఓపెన్ సోర్స్‌కు డబ్బు తీసుకోకూడదన్న నియమమూ లేదు.

మొదటి మెట్టు: సంకేతం

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అంకె ఏ అక్షరమో అందరూ ఒప్పుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరుతో ఇస్కీ అనే ప్రమాణాన్ని ఆమోదించింది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం దీనికి తోడు. బ్రాహ్మీ నుంచి వచ్చిన లిపులన్నింటికీ ఒకే అమరిక ఇవ్వడం ఇందులోని గొప్ప ఆలోచన. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ ఇస్కీ పాత రూపాన్ని ఆధారం చేసుకుని ప్రతి లిపికీ విడివిడిగా చోటిచ్చింది. తెలుగుకు 128 స్థానాలు దక్కాయి.

అంటే 1991 నాటికే రహదారి వేసి ఉంది. అయినా పదేళ్లకు పైగా తెలుగు ఆ దారిలో పెద్దగా నడవలేదు.

పత్రికకో ఫాంటు

కారణం డీటీపీ. ముద్రణకు కావలసింది కాగితం మీద అందమైన అక్షరం. అందుకని ప్రతి సంస్థా ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి సొంత ఫాంటు చేసుకుంది. కాగితం మీద బాగానే ఉండేది. ఇంటర్నెట్ వచ్చాక అసలు చిక్కు బయటపడింది. ఒక పత్రిక చదవాలంటే దాని ఫాంటు, ఇంకో పత్రికకు ఇంకో ఫాంటు. వెతికితే దొరకదు, అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. కోచింగ్ మెటీరియల్ పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూసిన ప్రతి అభ్యర్థికీ ఆ గుర్తుల సంగతి ఇప్పటికీ తెలుసు.

ఈ ముడిని విప్పినవారిలో చాలామంది జీతం కోసం ఆ పని చేయలేదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఇచ్చారు. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ పత్రికల పాత ఫాంట్లలోని రాతను యూనికోడ్‌లోకి మార్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడంలోనూ ఆయనదే చొరవ. వీవెన్ ‘లేఖిని’కి పద్మ ఆధారమైంది. లేఖినిలో టైపు చేసిన ఎంతోమంది వికీపీడియాలో, బ్లాగుల్లో రాశారు.

ఇక్కడ ఒక పని ఇంకో పనికి మెట్టు కావడం గమనించండి. పద్మ కోడ్ పెట్టెలో దాచి ఉంటే లేఖిని పని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఓపెన్ సోర్స్ ఆర్థిక సూత్రం ఇదే: ఒకరి శ్రమ మరొకరికి పెట్టుబడి అవుతుంది, మొదటివారికి ఏమీ తగ్గదు. స్వేచ్ఛ సంస్థ కూడా ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టి తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసింది.

ప్రభుత్వాల అడుగులు

2003 మే 28న పుణెలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం మన దేశానికి ఓపెన్ సోర్స్ అవసరమని బహిరంగంగా చెప్పారు. సీ-డాక్ బాస్ లినక్స్‌ను తెచ్చింది. 2010లో ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ విధానం, 2015లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం వచ్చాయి. 2015 విధానం మినహాయింపులకు తావిచ్చింది, కానీ కారణం చూపాలన్నది. 2020 మే 26న ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను ప్రభుత్వం బయటపెట్టింది. గోప్యతపై ప్రశ్నలు వచ్చిన తర్వాతే ఆ పని జరిగిందని కూడా మనం రాయాలి.

తెలుగు విషయానికొస్తే, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం తీసుకుంది. ఆ దశలోనే సిలికానాంధ్రతో కలిసి యూనికోడ్ ఫాంట్లను విడుదల చేసింది. మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి, పెద్దన వంటి ఫాంట్లు ఇప్పుడు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు.

రెండో వైపు

ఒకే వైపు రాస్తే అది వ్యాసం కాదు, ప్రచారం అవుతుంది. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు చదువుతున్నారని కాదు. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండేళ్లకు పైగా ఉండిపోయింది. ప్రపంచమంతా వాడే ఆ ప్రోగ్రాంను కొద్దిమంది మాత్రమే నిలబెడుతున్నారని అప్పుడు తెలిసింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంలోకి ఒకరు నమ్మకంగా చేరి దొడ్డిదారి పెట్టారు. అయితే దాన్ని పట్టుకున్నదీ కోడ్ తీసి చూడగలిగిన ఒక ఇంజినీరే.

మూసిన సాఫ్ట్‌వేర్ మనకేమీ చేయలేదనడమూ సరికాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటు వల్లే చాలా ఇళ్లలో మొదటిసారి యూనికోడ్ తెలుగు కనిపించింది.

ఇక ఆండ్రాయిడ్ సంగతి. దాని పునాది లినక్స్, మూల కోడ్ తెరిచే ఉంది. కానీ ప్లే స్టోర్, మ్యాప్స్ వంటివి గూగుల్ చేతిలోనే ఉన్నాయి. ఫోన్ తయారీదారులపై పెట్టిన షరతులు పోటీని దెబ్బతీశాయని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా జరిమానాను నిలబెట్టింది. ఇల్లు తెరిచే ఉంది, వీధి గేటుకు మాత్రం తాళం. అందుకే ఓపెన్ సోర్స్ ఒక్కటే చాలదు, పోటీ చట్టం కూడా కావాలి.

బీర్‌గావ్ నుంచి చూస్తే

నేను చదువుకుంటున్న బీర్‌గావ్ పక్కనే ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలు. ఇక్కడ వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు అన్నీ వినిపిస్తాయి. 2018లోనే, జ్ఞా వార్త వచ్చిన కొన్ని నెలలకు, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన కింద మహిళలకు, విద్యార్థులకు స్మార్ట్‌ఫోన్లు పంచడం మొదలుపెట్టింది. అవి ఆండ్రాయిడ్ ఫోన్లు. ఆండ్రాయిడ్‌లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్. ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రే ఆఫీస్‌లో కూడా అదే ఉంది. అందులో ఒత్తు సరిగ్గా రాకపోతే లోపం రిపోర్టు చేయడమే కాదు, తెలిసినవారు సరిదిద్ది పంపవచ్చు.

అదే 2018లో మరో సంగతి జరిగింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతులతో జయధీర్ తిరుమలరావు వంటివారు వెలుగులోకి తెచ్చిన గుంజాల గోండి లిపికి యూనికోడ్ 11లో చోటు దొరికింది. అంతకు ముందు ఏడాదే మసరం గోండి లిపి చేరింది. నోటో వరుసలో ఈ రెండింటికీ ఓపెన్ లైసెన్సు ఫాంట్లున్నాయి. గోండి తెలంగాణలోనూ, ఇక్కడి బస్తర్‌లోనూ మాట్లాడే భాష. కొనేవాళ్లు తక్కువగా ఉన్న లిపికి మార్కెట్ తనంతట తాను ఫాంటు చేయదు. తెరిచిన ప్రమాణం, తెరిచిన ఫాంటు ఉంటే ఒక ఉపాధ్యాయుడు కూడా పాఠం తయారు చేసుకోగలడు.

ముగింపు

ఈ చరిత్ర నుంచి మూడు మాటలు తీసుకోవచ్చు. ప్రమాణం తెరిచి ఉంటే రాత నిలుస్తుంది. కోడ్ తెరిచి ఉంటే బాగుచేసే చేయి మనదవుతుంది. ఆ చేతికి జీతం, గుర్తింపు లేకపోతే తెరిచిన ఇల్లూ పాడుబడుతుంది.

ఇది భాషాభిమానం వరకే పరిమితమైన విషయం కాదు. మనతో పాటు పరీక్ష రాసే చూపులేని అభ్యర్థిని తలచుకోండి. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెరమీది రాతను చదివి వినిపిస్తుంది. అది తెలుగునూ చదవగలదు. కానీ ఆ రాత పాత ఫాంటులో ఉంటే దానికి వినిపించేది అర్థంలేని ఇంగ్లిషు గుర్తులే. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచారం వారికి అందే రూపంలో ఉండాలంటోంది. రేపు మనలో ఎవరైనా ఒక కార్యాలయంలో కూర్చుంటే, బయటకు వెళ్లే ప్రతి తెలుగు ఉత్తర్వూ యూనికోడ్‌లో వెళ్లేలా చూడటం మన సంతకంతో అయ్యే పని.

సాధన ప్రశ్న: “డిజిటల్ యుగంలో భాషా సమానత్వానికి ఓపెన్ స్టాండర్డ్స్ అవసరం, కానీ అవి మాత్రమే సరిపోవు.” తెలుగు, గోండి లిపుల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)