శిబ్‌పూర్ ఉద్యానవనము - సామర్లకోట సంబంధము

కలకత్తా మహానగరమునకు చేరువలో, హుగ్లీ నది పశ్చిమపుటొడ్డున, శిబ్‌పూర్ నందు 273 ఎకరముల విస్తీర్ణము గల వృక్షశాస్త్రోద్యానము కలదు. పూర్వము దీనిని ‘కంపెనీ బాగాన్’ అనెడివారు. 2009లో దీనికి ఆచార్య జగదీశ చంద్ర బోసు నామము పెట్టబడినది. సెలవు దినములలో కుటుంబములతో అచటికేగి పెద్ద మఱ్ఱిని చూచి వచ్చువారు మన ఆంధ్రులలో అనేకులు కలరు. కాని, ఆ తోటకును మన సామర్లకోటకును గల సంబంధము నెఱిగినవారు తక్కువ. నగరమున పచ్చదనము నెట్లు పెంచవలెనో, ఎట్లు పెంచరాదో ఆ తోట చరిత్ర తెలుపుచున్నదను విషయము గమనించినవారు ఇంకను తక్కువ.

ఈ తోట పక్షుల కొఱకు గాని, విహారము కొఱకు గాని పుట్టినది కాదు. 1770 నాటి ఘోర క్షామము వంగదేశమును నాశనము చేసిన పిమ్మట, కంపెనీ సైన్యాధికారి రాబర్ట్ కిడ్ 1786లో ప్రభుత్వమునకు ఒక విన్నపము పంపెను. కఱవున ఆహారమిచ్చు సాగో వంటి చెట్లను, వర్తకమునకు పనికివచ్చు మొక్కలను తెచ్చి పెంచి, దేశమెల్ల పంచవలెనని దాని సారాంశము. 1787లో తోట ఏర్పడెను. ఓడల నిర్మాణమునకు టేకును, లాభమునకు సుగంధ ద్రవ్యములను పెంచవలెనని నాటివారి ఆశ. చెట్టు విలువను ధరతో కొలచిన కాలమది.

1793లో కిడ్ మరణింపగా, ఆ పదవికి వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈయన అంతకు ముందు పండ్రెండేండ్లు సామర్లకోటలో నుండి, అచట తోట వేసి, మిరియములు, కాఫీ, దాల్చినచెక్క మున్నగువానిని పెంచి చూచిన వైద్యుడు. 1787లో కోరంగిని ముంచిన సముద్రపు ఉప్పెనలో ఆయన సేకరించిన మొక్కలును, వ్రాతలును కొట్టుకొనిపోయెను. ఆయన నిరాశ చెందక పని మరల మొదలిడెను. చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వ్రాయించెను. తెలుగువారు చెప్పిన పేర్లను విని గ్రంథస్థము చేసెను. మన సోమిద మాను పేరు నేటికిని దాని శాస్త్రనామమున ‘సోయ్‌మిడా’ అని నిలిచియుండుట అందులకు తార్కాణము. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడెను. మన పల్లెలలోని పసరువైద్యులు, రైతులు, కట్టెలు కొట్టువారు ఎఱిగిన విజ్ఞానమీ విధముగ కలకత్తాకు చేరెను. ఆయన 1813లో ఈ దేశమును విడిచెను. మరుసటి యేట శ్రీరాంపూర్ నుండి విలియం కేరీ ప్రకటించిన పట్టికలో ఈ తోటకు చెందిన మొక్కలు సుమారు 3,500 జాతులు కలవు.

ఇట్లు పలు జాతులతో కలగలుపుగా పెరిగిన తోటకు 1842లో ఒక విపత్తు వచ్చెను. అధిపతి వాలిచ్ సెలవుపై పోగా, విలియం గ్రిఫిత్ తాత్కాలికముగ బాధ్యత వహించెను. ఈయన గొప్ప పండితుడు. మొక్కలను శాస్త్రవర్గముల ననుసరించి వరుసలుగా నిలుపవలెనని సంకల్పించి, ఏండ్ల తరబడి నీడనిచ్చిన మహావృక్షములను నఱికించెను. తోటను పుస్తకపు పుటవలె చదువుకొనవలెనని ఆయన కోరిక. నీడ పోగా సుకుమారమైన మొక్కలు ఎండకు మాడిపోయెను. 1848లో వచ్చి చూచిన జోసెఫ్ హూకర్ ఈ దుస్థితిని గూర్చి 1854లో ప్రకటించిన తన హిమాలయ యాత్రాగ్రంథమున నొచ్చుకొని వ్రాసెను. పండితుని చేతిలోనైనను, ఒక్క ప్రయోజనమే లక్ష్యమైనచో తోట ఎంత బలహీనమగునో ఇది చూపినది.

మనుష్యుని పిమ్మట ప్రకృతి వంతు వచ్చెను. 1864లోను, 1867లోను వచ్చిన తుఫానులు తోటలోని వృక్షసంపదలో పెద్ద భాగమును నేలకూల్చెను. 1871లో అధిపతియైన జార్జి కింగ్ చేతికి దక్కినది ఇంచుమించు శూన్యమైన బయలు. ఈయనయే 1890లో ఏర్పడిన భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థకు ప్రథమ నిర్దేశకుడు. ఆయన సమతలముగా నున్న ఆ భూమిని చెఱువులుగా త్రవ్వించి, ఆ మట్టితో మిట్టలు పోయించెను. చెట్లను వరుసలకు బదులు గుంపులుగా నాటించెను. నడుమ వంకర బాటలు వేయించెను. నేడు మనము చూచు తోట రూపురేఖలు చాలవఱకు ఆయన కల్పించినవియే.

కింగ్ దొర పక్షుల కొఱకే ఇంత చేసెనని చెప్పజాలము. అయినను పక్షులు ఆ ఏర్పాటును తమదిగా చేసికొన్నవి. చెఱువుల గట్లపై లకుముకిపిట్టలు, కొంగలు, నీటికాకులు. తొఱ్ఱలలో చిలుకలు, గుడ్లగూబలు. పొదలలో ముంగిసలు, నక్కలు కాపురమున్నవి. నీరు, పొద, ఎత్తైన కొమ్మ, ఎండిన మ్రాను - ఈ నాల్గింటిలో ఏది లోపించినను కొన్ని ప్రాణులకు నిలువనీడ లేకుండ పోవును.

ఆ తోటలోని పెద్ద మఱ్ఱి తోటకంటెను పెద్దది. దాని వయస్సు 250 ఏండ్లకు పైబడినది. అది మొదట ఒక ఈతచెట్టుపై మొలచినదని ఐతిహ్యము. మఱ్ఱి స్వభావమును బట్టి చూడ ఇది నమ్మదగిన మాటయే. గోరింకయో, కోయిలయో పండు తిని విడిచిన విత్తు మఱొక చెట్టు మీద మొలకెత్తి, వేళ్లు నేలకు దించుట దాని పద్ధతి. పై తుఫానులలో దెబ్బ తిని, బూజు పట్టి కుళ్లిన దాని మొదటి మ్రానును 1925లో తొలగించిరి. అయినను చెట్టు చావలేదు. మూడువేలకు మించిన ఊడలే దానిని నిలిపినవి. 2020 మే 20న వచ్చిన అంఫన్ తుఫాను ఈ మఱ్ఱిలో కొంత భాగమును పడగొట్టినను, తక్కినది పచ్చగా నిలిచినది. ఆ దినముననే నగర వీథులలో, కాంక్రీటు నడుమ వేళ్లు తన్నుటకు చోటులేని చెట్లు వేల సంఖ్యలో కూలినవి.

ఈ చరిత్ర మనకేల యని అడుగవచ్చును. మన క్వార్టర్ల ఆవరణలలోను, కార్యాలయముల ప్రాంగణములలోను ఏటేట చెట్లు నాటు ఉత్సవములు జరుగుచున్నవి. ఒకే జాతి పూలచెట్లను వరుసగా నాటి, క్రింద గడ్డిని కత్తిరించి, రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టినచో అది చూపునకు అందము, పక్షికి ఎడారి. దానికి బదులు రావి, మేడి, నేరేడు, వేప, కానుగలను కలిపి నాటి, వేళ్లకు చాలినంత మట్టి విడిచి, ఒక మూల పొదను పెరుగనిచ్చి, వాననీరు నిలుచు చిన్న కుంటను పూడ్చక కాపాడినచో, తక్కిన పనిని పక్షులే చేసికొనును. ఇందులకు వేరుగ నిధులక్కఱలేదు. పూడ్చుటకును, నఱకుటకును తొందరపడకుండిన చాలును.

కిడ్ వర్తకము కొఱకు నాటెను. గ్రిఫిత్ శాస్త్రము కొఱకు నఱికెను. కింగ్ సౌందర్యము కొఱకు తీర్చిదిద్దెను. వీరందఱి కంటె ముందు ఒక అనామక పక్షి వేసిన విత్తే నేడు ఆ తోటకు కీర్తిని తెచ్చుచున్నది. పట్టణమున తోట వేయువారు ఆ పక్షికిని కొంత చోటు విడువవలెను.