నిలిచిన నర్తనం: రామప్ప శిల్పం, ఛాయాచిత్రం, పేరిణి

చిత్రకారుడు కుంచె దించిన తరువాత చిత్రం మిగులుతుంది. కవి గంటం విడిచిన తరువాత కావ్యం మిగులుతుంది. స్థపతి ఉలి పక్కన పెట్టిన తరువాత ఆలయం మిగులుతుంది. నర్తకుని విషయంలో మాత్రం ఈ నియమం చెల్లదు. చివరి పాదఘాతంతో పాటే నృత్యమూ లయిస్తుంది. కర్త, సాధనం, కార్యం మూడూ ఒకే దేహంలో ఇమిడి ఉన్న కళ ఇది. దేహం విశ్రమించిన క్షణాన కళ అదృశ్యమవుతుంది.

కరిగిపోయే దానిని నిలుపుకోవాలన్న కోరిక మానవునికి సహజం. ఓరుగల్లు సీమలో ఆ కోరిక మూడు రూపాలు ధరించింది: శిల, గ్రంథం, ఛాయాచిత్రం. ఎనిమిది శతాబ్దాల ఈ చరిత్రను అనుశీలిస్తే, బింబం దేనిని కాపాడగలదో, దేనిని కాపాడలేదో బోధపడుతుంది.

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. ఓరుగల్లుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, నేటి ములుగు జిల్లాలో ఉన్న ఈ ఆలయం, దానిని నిర్మించిన శిల్పి పేరుననే రామప్ప గుడిగా ప్రసిద్ధి కెక్కిందని ప్రతీతి. ఎర్రని ఇసుకరాతి కట్టడానికి, చూరు కింద స్తంభాల నుండి ఏటవాలుగా వెలుపలికి వంగిన నల్లరాతి మదనికలు పన్నెండు. గర్భాలయం ఎదుట రంగమండపం. దాని నడుమ నునుపు దేలిన నల్లరాతి వేదిక. చుట్టూ ఉన్న స్తంభాలపై మృదంగం వాయించే స్త్రీలు, కాళ్లు మడిచి ఎగిరే పురుషులు, వరుసలు కట్టిన నర్తకులు. దేవుడు చూస్తుండగా నర్తించడానికి నిర్మించిన స్థలం అది. వేదిక నిజమైన పాదాల కోసం. స్తంభాలు ఆ పాదాల స్మృతి కోసం.

అదే ప్రభువు కొలువులో గజసైన్యాధిపతి జాయప సేనాని 1253–54లో 'నృత్తరత్నావళి'ని సంస్కృతంలో రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి నాలుగు భరతుని మార్గ సంప్రదాయాన్ని, తరువాతి నాలుగు దేశి సంప్రదాయాన్ని వివరిస్తాయి. దేశి నృత్యాల మధ్య పేరణి ఒకటి. నేడు పేరిణిగా పిలువబడుతున్నది ఇదే. ఏనుగుల దండును నడిపిన సేనాని, ప్రజలు వీధులలో, ఆలయాలలో ఆడే ఆటలకు కూడా శాస్త్రగౌరవం కల్పించడం తెలుగువారి కళాచరిత్రలో అపూర్వమైన విషయం.

శిలకూ గ్రంథానికీ మధ్య ఉన్న భేదం ఇక్కడే తెలుస్తుంది. హస్తపాదాలు సమన్వయంతో చలించడమే కరణమని భరతుని నిర్వచనం. నిలుచునే తీరైన స్థానం, పాదాల కదలికయైన చారి, నృత్తహస్తం, ఈ మూడూ కలిస్తే కరణం. అంటే కరణం ఒక భంగిమ కాదు. ఒక భంగిమ నుండి మరొక భంగిమకు సాగే ప్రవాహం. శిల్పి ఆ ప్రవాహంలో ఒక బిందువును మాత్రమే చెక్కగలడు. చిదంబర గోపురంపై చెక్కిన నూట ఎనిమిది కరణాలకైనా ఈ పరిమితి తప్పలేదు.

పేరణి విషయంలో ఈ పరిమితి మరింత తీవ్రం. లక్షణకారులు పేరణికి చెప్పిన అంగాలలో ఘర్ఘరం ఒకటి, గీతం ఒకటి. ఘర్ఘరమంటే పాదాన్ని నేలపై వేర్వేరు రీతులలో తాటించి గజ్జెలను పలికించడం. ఎంత నిపుణుడైన శిల్పియైనా గజ్జెలను చెక్కగలడు కాని గజ్జెల నాదాన్ని చెక్కలేడు. రామప్ప స్తంభంపై ఉన్న నర్తకుడు ఎనిమిది శతాబ్దాలుగా పాదం ఎత్తి ఉంచాడు. ఆ పాదం నేలను తాకినప్పుడు వినబడవలసిన ధ్వని మాత్రం శిలలో లేదు.

1323లో ఓరుగల్లు పతనమైంది. ఆలయం వెలసిన నూటపది సంవత్సరాలకు దానిని పోషించిన రాజ్యం అంతరించింది. కాలక్రమంలో రంగమండపంలో పాదాల చప్పుడు ఆగిపోయింది. వేదిక మిగిలింది, స్తంభాలు మిగిలాయి, జాయపుని గ్రంథం తాళపత్రాలలో ఒదిగి ఉండిపోయింది.

పంతొమ్మిదవ శతాబ్దం చివర ఈ ప్రాంతానికి ఒక కొత్త నేత్రం వచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్, హనుమకొండ వేయిస్తంభాల గుడిని, ఓరుగల్లు శిథిలాలను తన కెమెరాలో బంధించాడు. ఆ కాలపు గాజుఫలకాలకు నిశ్చలమైన వస్తువే అనుకూలం. కదిలే దేహం మసకబారిపోతుంది. కనుక కాకతీయుల నర్తనం కెమెరా ఎదుట నిలిచినది శిలారూపంలోనే. ఆ తరువాత హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖకు అధిపతియైన గులాం యజ్దానీ, పాలంపేట ఆలయాలపై రచించిన గ్రంథాన్ని భారత పురావస్తు శాఖ 1922లో ప్రచురించింది. చిత్రఫలకాలతో కూడిన ఆ గ్రంథం మూలంగా, పాలంపేటకు ఎన్నడూ రాలేని పండితులు కూడా మదనికలను చూడగలిగారు.

దీనికి కొద్ది సంవత్సరాల ముందే మరొక ఘట్టం జరిగింది. 1917లో ఆనంద కుమారస్వామి నందికేశ్వరుని 'అభినయదర్పణా'న్ని ఆంగ్లంలోకి అనువదించి, చిత్రఫలకాలతో అమెరికాలో ప్రచురించాడు. ఆ అనువాదంలో ఆయనకు సహకర్త ఒక తెలుగువాడు. అనంతరకాలంలో చీరాల–పేరాల ఉద్యమనాయకుడై, ఆంధ్రరత్న బిరుదంతో ప్రసిద్ధుడైన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యే ఆయన. ముద్రణ, ఛాయాచిత్రం కలిసి భారతీయ నృత్యాన్ని ప్రపంచ విద్వత్సభలో నిలబెట్టాయి.

అయితే ఈ గౌరవానికి మరొక పార్శ్వం ఉంది. శిలలోని నర్తకి చిత్రాలు గ్రంథాలలో ఆదరింపబడుతున్న కాలంలోనే, జీవించి ఉన్న ఆలయనర్తకి సంఘంలో అవమానింపబడుతున్నది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. ఆ సంస్కరణకు బలమైన కారణాలు ఉన్నాయి. బాలికలను దేవుని పేరిట సమర్పించి వారి జీవితాలను దోచుకున్న అన్యాయాన్ని ధర్మం సమర్థించదు. కాని దురాచారాన్ని తొలగించే ఉత్సాహంలో, తరతరాలుగా ఆ స్త్రీలు తమ దేహాలలో కాపాడుకొన్న విద్యను కూడా లోకం తిరస్కరించింది. బింబానికి పూజ, బింబానికి ఆధారమైన దేహానికి బహిష్కారం. ఈ వైరుధ్యాన్ని ఏ ఛాయాచిత్రమూ చూపలేదు.

ఈ అగాధానికి వంతెన వేయబూనినవాడు నటరాజ రామకృష్ణ. 1923లో బాలి ద్వీపంలో జన్మించిన ఆయన, సంఘం దూరంగా ఉంచిన కళావంతుల ఇండ్లకు శిష్యుడై వెళ్లాడు. నాయుడుపేట రాజమ్మ వంటి ఆలయనర్తకీమణుల వద్ద విద్యను అభ్యసించాడు. వారి సంప్రదాయాన్ని ఆంధ్రనాట్యమనే పేరుతో మళ్లీ వేదిక కెక్కించాడు. పేరిణి విషయంలో ఆయనకు అటువంటి సజీవ గురువు లభించలేదు. ఎదుట రామప్ప శిలలు ఉన్నాయి, జాయపుని గ్రంథం ఉంది. 'నృత్తరత్నావళి'ని వి. రాఘవన్ పరిష్కరించగా మద్రాసులో 1965లో ముద్రణ జరిగింది. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు అనువాదం వెలువడింది. శిల భంగిమను చెప్పింది, గ్రంథం గతిని చెప్పింది. ఈ రెంటి మధ్య ఉన్న శూన్యాన్ని తన దేహానుభవంతో, శైవాచార పరిజ్ఞానంతో, ఊహతో ఆయన పూరించాడు.

నేటి పేరిణి జాయపుడు చూసిన పేరణియేనా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనది. తెగిపోయిన సంప్రదాయాన్ని ముడివేసినప్పుడు ముడి కనబడుతుంది. దానిని దాచవలసిన పని లేదు. అగ్నిహోత్రం ఆరిపోయినప్పుడు తిరిగి అరణిని మథించి అగ్నిని పుట్టించే విధి మన ధర్మంలో ఉంది. పాత జ్వాలయే ఇది అని ఎవరూ అనరు. కాని ఆ హోమగుండంలో మళ్లీ ఆహుతి స్వీకరించేది అగ్నియే. 1985 మహాశివరాత్రినాడు రామప్ప సన్నిధిలో ఆయన శిష్యగణం పేరిణి శివతాండవాన్ని ప్రదర్శించింది. శిలలో ఎత్తి ఉంచిన పాదం ఆ రాత్రి నేలను తాకింది. లోపించిన ఘర్ఘరం వినబడింది.

లోకప్రియమైన చలనచిత్రం కూడా ఈ తత్త్వాన్ని స్పృశించకపోలేదు. అంతకు రెండేళ్ల ముందు, 1983లో, కె. విశ్వనాథ్ దర్శకత్వంలో వచ్చిన 'సాగరసంగమం'లో ఒక బాలుడు నాయకుడు బాలు నృత్యాన్ని ఛాయాచిత్రాలు తీయబోతాడు. ప్రతి భంగిమా ఆ కెమెరాకు తప్పిపోతుంది. ప్రేక్షకులు నవ్వుకొన్న ఆ దృశ్యంలో ఒక సత్యం దాగి ఉంది. లయ తెలిసినవానికే క్షణం దొరుకుతుంది. తాళం ఎక్కడ పడుతుందో తెలియని కంటికి ఎంత మంచి యంత్రమైనా సహాయపడదు. రామప్ప శిల్పి ఎన్నుకొన్న బిందువు నిర్దుష్టం కావడానికి కారణం, ఆ బిందువుకు ముందూ వెనుకా ఉన్న ప్రవాహమంతా అతనికి తెలిసి ఉండటమే.

2021 జూలై 25న యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అప్పటినుండి పాలంపేటకు వచ్చే జనం పెరిగింది, వారి చేతులలో మొబైల్ ఫోన్లూ పెరిగాయి. ఎత్తుమడమల పాదరక్షలు ధరించిన మదనిక చిత్రం సామాజిక మాధ్యమాలలో విశేషంగా తిరుగుతున్నది. ఎనిమిది వందల ఏండ్ల నాడే ఇటువంటి చెప్పులా అని లోకం ఆశ్చర్యపోతుంది. ఆశ్చర్యం తప్పు కాదు. కాని చెప్పుల దగ్గరనే చూపు ఆగిపోతే, ఆ దేహపు వంపు, ఆ వంపులోని లయ, ఆ లయకు గమ్యమైన దేవుడు, మూడూ చూడకుండానే యాత్ర ముగుస్తుంది.

శైవాగమం పరమేశ్వరుని నాట్యంలో పంచకృత్యాలను దర్శించింది: సృష్టి, స్థితి, సంహారం, తిరోధానం, అనుగ్రహం. ఛాయాచిత్రం వీటిలో స్థితిని మాత్రమే గ్రహించగలదు. ఉదయించడం, లయించడం దానికి అందవు. నర్తనంలోనైతే ప్రతి కరణమూ పుట్టి, క్షణం నిలిచి, తరువాతి కరణంలో లీనమవుతుంది. ఆ లయాన్ని అంగీకరించగలిగినవానికే రసానుభవం. కరిగిపోతున్న దానిని పట్టుకోవాలన్న ఆరాటం తగ్గినప్పుడే దానిని చూడటం మొదలవుతుంది.

వేదాంతులు శాఖాచంద్రన్యాయం చెబుతారు. విదియనాటి సన్నని చంద్రరేఖ కంటికి ఆననివానికి ముందుగా చెట్టుకొమ్మను చూపి, ఆ కొమ్మ కొన మీదుగా చంద్రుని చూడమంటారు. కొమ్మ లేకపోతే చంద్రుడు దొరకడు. కొమ్మనే చంద్రుడనుకొంటే అసలే దొరకడు. రామప్ప శిల, జాయపుని గ్రంథం, దీన్ దయాళ్ గాజుఫలకం, నేటి మొబైల్ తెర, ఇవన్నీ శాఖలే. నటరాజ రామకృష్ణ ఆ శాఖలను నిర్లక్ష్యం చేయలేదు, వాటివద్దనే ఆగిపోనూ లేదు. 2011 జూన్ 7న ఆయన దేహం విశ్రమించింది. అప్పటికి ఆ కళ శిష్యుల పాదాలలోకి చేరి ఉంది. వారి గజ్జెలు పలికిన ప్రతిసారీ పాలంపేట శిల తన మౌనాన్ని కొంత విడుస్తుంది.