చెట్టు బేరం తిరగబడిన కథ

రాజమండ్రిలో నేను గుమాస్తాగా పనిచేసిన కలప అడితి చిట్టాల్లో ఒక రకం పద్దు తరచూ కనిపించేది. ఫలానా వారి పెరట్లో వేప, ఇంత. ఫలానా వారి దొడ్లో చింత, ఇంత. ఆ సొమ్ము మేం ఇంటివాళ్లకు ఇచ్చింది. చెట్టు కొట్టి పట్టుకుపోతున్నందుకు మేమే వాళ్లకు డబ్బు లెక్కపెట్టేవాళ్లం. ఇవాళ అదే పెరట్లో అలాంటి వేపను తీయించాలంటే ఇంటాయనే వేలకు వేలు ఇచ్చుకోవాలి, కర్ర కూడా పట్టుకుపొమ్మని బతిమాలుకోవాలి. ఇది ఒక్క ఏడాదిలో జరగలేదు. నా ఉద్యోగం పొడుగునా కొంచెం కొంచెంగా జరిగింది.

మా ఊళ్లో కలప వ్యాపారం చాలా పాతది. ఎగువ అడవుల టేకును తెప్పలు కట్టి గోదావరి మీద దించేవారు. కోరంగిలో ఓడలు కట్టినవాళ్లు ఆ టేకునే వాడారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తికాకముందు మాట అది. టేకుకు అందరూ మర్యాద చేస్తారు గాని, అడితికి రోజువారీ తిండి పెట్టింది ఊరి చెట్లే.

దుంగను కొలవడం నాకు అప్పగించిన మొదటి పని. నడిమధ్య టేపు చుట్టాలి. వచ్చిన చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేస్తే ఘనపుటడుగులు. ఆరడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే 22.5 అడుగులు. నిజానికి ఆ గుండ్రటి దుంగలో 28.6 అడుగుల కర్ర ఉంటుంది. నూటికి ఇరవై ఒకటికి పైగా లెక్కలోంచి జారిపోతుందన్నమాట, బెరడుకీ చెక్కుడుకీ పోయేదని వదిలేసినట్టు. లండన్ సర్వేయరు ఎడ్వర్డ్ హోపస్ 1736లో అచ్చువేసిన పట్టికల లెక్క ఇది. దొరలతో వచ్చింది, దొరలు పోయినా పోలేదు. ఈ ఇరవై ఒకటి సంగతి పెరటివాళ్లకు మేం చెప్పేవాళ్లం కాదు, వాళ్లూ అడిగేవాళ్లు కాదు.

నిలబడి ఉన్న చెట్టుకు టేపు చాలదు, కంటి లెక్కే. మా అడితి షావుకారు చెట్టు చుట్టూ తిరిగి, గొడ్డలి వీపుతో మానును నాలుగుచోట్ల కొట్టి వినేవారు. బోలుగా మోగితే లోపల తొర్ర. గట్టిగా ఉంటే నిటారు మాను ఎంత, అందులో చేవ ఎంత అని అంచనా. వంకర కొమ్మలకూ ధర ఉండేది: నల్ల తుమ్మ అయితే నాగళ్లకీ బండి చక్రాలకీ, చింత అయితే రోకళ్లకీ మాంసం కొట్ల మొద్దులకీ. మిగిలింది పొయ్యిలోకి. ఎన్ని బళ్ల కట్టెలవుతాయో లెక్కగట్టి, అంతా కూడి, కూలీ బండి బాడుగా మా లాభమూ తీసేస్తే మిగిలింది ఇంటివాళ్లది. కొట్టేవాళ్లకు గుత్త కూలి. ఆకు రొట్ట వాళ్లదే, ఇళ్ల దగ్గర మేకలకు.

అప్పటి పద్ధతికి జాగా కావాలి. చుట్టూ గొయ్యి తీసి పక్క వేళ్లు నరికి, తలకు మోకు కట్టి పదిమంది లాగితే చెట్టు తన బరువుతోనే మొదలును పెకలించుకుని పడేది. అడుగు కర్ర అంగుళం వృథా కాదు. చెట్టు ఎత్తంత ఖాళీ స్థలం ఉన్నంతకాలం ఈ పని చవకే. పెరళ్లలో వాటాలు లేచి, ప్రహరీలు వచ్చి, కరెంటు తీగలు అడ్డంపడ్డాక చెట్టుకు పడే చోటే లేకుండా పోయింది.

అప్పట్నుంచి చెట్టును పడగొట్టడం మానేసి దించడం మొదలుపెట్టారు. ఒక మేస్త్రీ నాతో అన్నాడు: "మేం చెట్టు చూసి రేటు చెప్పం బాబుగారూ, సందు చూసి చెప్తాం." సందులోకి లారీ రాకపోతే ప్రతి ముక్కా భుజం మీద వీధి చివరికి వెళ్లాలి. తీగలుంటే కరెంటువాళ్లు ఎల్‌సీ ఇచ్చి, అంటే సరఫరా ఆపి, ఒప్పుకున్న వేళలోనే పని సాగాలి. పక్కింటి రేకులు పగిలితే ఎవరిస్తారో ముందే మాట అనుకోవాలి. ఇవన్నీ తేలాకే గొడ్డలి.

పైవాడు కోయబోయే కొమ్మకు ముందు తాడు కట్టి, దానికి పైనున్న పంగలోంచి రెండో కొస కిందికి వదులుతాడు. కిందవాడు ఆ కొసను మానుకు రెండు మూడు చుట్లు చుట్టి పట్టుకుంటాడు. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి బక్కపలచటి మనిషి కూడా క్వింటాళ్ల బరువును నెమ్మదిగా దించగలడు. తాడు వదులుగా ఉండకూడదు. ముక్క రెండడుగులు జారి ఆగినా ఆ కుదుపు అసలు బరువుకు ఎన్నో రెట్లు. పచ్చి కర్ర ఘనపుటడుగు సుమారు పాతిక కిలోలు. ఆరడుగుల చుట్టుతో గజం పొడవు ముక్క మా అడితి లెక్కలో 170 కిలోలకు లోపే. నిజంగా 215. బేరానికి పనికొచ్చిన హోపస్ తాడు దగ్గర మనుషుల్ని చంపుతాడు. మేస్త్రీలకు ఆ పేరు తెలియదు గాని, అడితి లెక్కను తాడుకు నమ్మకూడదని మాత్రం గట్టిగా తెలుసు.

పని ఇలా పెరుగుతుంటే కర్ర ధర పడిపోయింది. టైరు బళ్లూ ట్రాక్టర్లూ వచ్చి తుమ్మను అడిగేవాళ్లు లేరు. చేలల్లో వేసిన సరుగుడు, జామాయిల్ తిన్నగా చవగ్గా దొరికాయి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో లక్షల్లో కొబ్బరి చెట్లు పడ్డాయి. పడిన చెట్టును తీయించడానికి రైతులే ఎదురు డబ్బివ్వడం నేను చూసింది అప్పుడే. 1999లో దీపం పథకంతో గ్యాసు పల్లెల్లోకి కూడా వెళ్లి, కట్టెల బండి లెక్క పోయింది. 2002లో వాల్టా చట్టం వచ్చాక చెట్టు కొట్టడానికి అనుమతి కోసం తిరగడమూ ఖర్చులో చేరింది. వాల్టా మాట వినగానే మొహం చిట్లించేవాళ్లను చాలామందిని చూశాను. నాకైతే ఆ చట్టం ఇంకాస్త ముందే రావాల్సిందనిపిస్తుంది. చైన్ సా వచ్చి కోత వేగం పెరిగింది, సందు మాత్రం వెడల్పు కాలేదు.

ఇప్పటికీ మంచి వేప మానైతే గుత్తలో కొంత తగ్గిస్తారు, లోపల మేకులు లేకపోతేనే. పట్టణం చెట్టంటే కోత మిల్లువాళ్లకు భయం. ఒక్క మేకు తగిలితే రంపం పట్టీ పళ్లు పోతాయి. మా వీధిలో ఒకాయన "మా నాన్నగారు నాటిన చెట్టండీ, ఒక్క మేకు కొట్టనివ్వలేదు" అని హామీ ఇచ్చి కొంత తగ్గించుకున్నారు. మాను రెండో ముక్కలోనే బట్టల తీగ కొక్కెం బయటపడింది. మేస్త్రీ దాన్ని ఆయన చేతిలో పెట్టి, తగ్గించిన సొమ్ము తిరిగి కలిపేశాడు.