మేనమామ పాట, మేనల్లుడి మాట

రోజూ బడికి రాఘవ కళామందిరం ముందు నుంచే వస్తాను. బళ్ళారి రాఘవ గారి గురించి తాతను అడిగితే, "ముందు ఆయన మేనమామ సంగతి తెలుసుకోరా" అన్నాడు.

ఆ మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. వకీలు. అప్పుడు మన ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. ధార్వాడ సమాజంవాళ్ళు ఇక్కడికొచ్చి ఆడిన నాటకాలు చూసి, తెలుగులో మనమూ ఆడాలని సరసవినోదిని సభ పెట్టారు. 1887లో 'చిత్రనళీయము' ఆడారు. తెలుగు నాటకంలో పద్యాలతోపాటు పాటలూ ప్రవేశపెట్టారు. జనం రాగాలకు అలవాటుపడిపోయారు.

రాఘవ గారు (1880–1946) కూడా వకీలే. కానీ పద్యాన్ని రాగంతో సాగదీయడం ఆయనకు నచ్చేది కాదు. మాట, ముఖభావం ముఖ్యమన్నారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలన్నారు, వేయించారు కూడా.

ఇక్కడే నాకూ తాతకూ తగువు. "పద్యం లేకుంటే అదేం నాటకంరా?" అంటాడు. వన్స్‌మోర్ కొడితే చచ్చినోడు లేచి మళ్ళీ పాడితే ఎట్లా నమ్మేది అని నేను.

అయితే తాత చదివింది కన్నడ బడిలో. తెలుగు చదవడం రాదు. ఆయనకొచ్చిన పద్యాలన్నీ నాటకాలు చూసి నేర్చుకున్నవే. ఆ సంగతి మొన్ననే తెలిసింది.

నేనింకా రాఘవ గారి పక్షమే. తాత చెబుతుంటే మాత్రం నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు పద్యాలైనాయి.