కాళ్ళు ఆడుతున్నప్పుడే

1960 జనవరి 1న ఆరిజోనా పత్తిచేలల్లో డెల్ వెబ్ అనే కాంట్రాక్టరు విశ్రాంత జీవుల కోసం సన్ సిటీని ప్రారంభించాడు. అయిదు నమూనా ఇళ్ళు చూడటానికి మూడు రోజుల్లో లక్షమంది దాకా వచ్చారట. ఇళ్ళు అమ్ముడుపోకముందే గోల్ఫు మైదానం, క్లబ్బు, అంగళ్ళు కట్టేయడం ఆయన ఎత్తు. కొన్నవాళ్ళు మంచాన పడ్డవాళ్ళు కారు; ఆడిపాడే ఓపికున్నవాళ్ళు. 1995 నాటి చట్టం కూడా ఇలాంటి ఊళ్ళలో నూటికి 80 ఇళ్ళలో ఒక్కరికైనా 55 నిండితే చాలంది, కాళ్ళు పడిపోవాలనలేదు!

మనమేమో వృద్ధాశ్రమం అనుకుని ఉలిక్కిపడతాం. నేనూ అంతే. మేమిద్దరం ఆఫీసుకెళ్తే, కారు నడపడం రాని మా నాన్నగారు సాయంత్రందాకా కిటికీ దగ్గరే. గుళ్ళో ఎవరో ఇచ్చిన అలాంటి ఊరి కరపత్రం ఆయనే నా ముందు పెట్టారు.

“ఇంకా బాగానే ఉన్నారుగా, అప్పుడే ఎందుకు నాన్నా?” అన్నాను.

“మూలపడ్డాక వెళితే పేకాటకెవడు పిలుస్తాడురా?” అన్నారు.