ఇనుప అల్లిక

"స్వెట్టరే సగంలో వదిలేసే మనిషివి, ఇనుప చొక్కా అల్లుతావా?" అన్నారు మావారు.

నవ్వరూ మరి! కానీ విస్బీ గురించి చదివాక ఊరుకోలేకపోయాను. 1361లో, నేటి స్వీడన్‌లోని ఆ ఊరి గోడల బయట, డెన్మార్కు రాజు వాల్డెమార్ సేన వందలాది రైతుల్ని నరికేసింది. 20వ శతాబ్దంలో గోతులు తవ్వితే, కొన్ని పుర్రెలకి గొలుసు ముసుగులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

ఆనాటి పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఒక్కో రింగూ చుట్టూ ఉన్న నాలుగింటిలోంచి దూరాలి. కొసలు చదును చేసి, బెజ్జం పొడిచి, సన్నని శీల బిగించాలి. లేకపోతే పోటుకి విచ్చుకుంటుంది. నెల తిరిగేసరికి తేలింది అరచెయ్యంత ముక్క!

వెళ్ళిన మనిషి తిరిగి రావాలనేగా, ఎవరో అన్ని శీలలూ అంత ఓపిగ్గా బిగించింది? నా నవలల్లో యుద్ధాన్ని ఒక్క వాక్యంలో ముగించేదాన్ని. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.